అక్క ఎవరికీ రాసివ్వని కొంగ

మా పక్కింటి అక్క పోయిందని పొద్దున్నే ఫోన్ వచ్చింది. కొన్నాళ్లుగా దవాఖాన చుట్టూ తిరుగుతోందని తెలిసినా, ఇంత తొందరగా పోతుందనుకోలేదు. బాన్సువాడ బస్టాండు దగ్గర ఆమె నడిపిన సెంటర్లో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లు మీలో ఉంటే ఆమెను మరిచిపోయి ఉండరు.

మేమిద్దరం కలిసి ఒక ఆట తయారుచేశాం. బొమ్మలు ఆమెవి, ప్రోగ్రాం నాది. కాలువ గట్టున ఒంటికాలిమీద కొంగ, బటన్ నొక్కితే చేపను పట్టాలి. అంతే. నస్రుల్లాబాద్ నుంచీ, పిట్లం నుంచీ వచ్చే ఆడపిల్లలు కీబోర్డు ముట్టుకోవడానికే జంకేవారు. అక్క వాళ్లకు ముందు ఆ ఆటే పెట్టేది. "తప్పు నొక్కితే చేప పోతది, ఇంకేం పోదు" అనేది.

ఫోన్లలో ఆటలు అమ్మే కంపెనీ మనిషి హైదరాబాద్ నుంచి వచ్చిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ గుబులే. అప్పటికే నేను ఉన్న ఉద్యోగం వదిలేసి ఆ ఆటనే నమ్ముకున్నాను. రాబడిలో నూటికి డెబ్భై తమకు, ముప్పై మాకు అన్నాడాయన.

అక్క కుర్చీ ముందుకు జరుపుకుంది. "మా దిక్కు అన్నదమ్ములు వడ్లు పంచుకుంటే, ఒకడు కుప్పలు పోస్తడు, నచ్చిన కుప్ప ఏరుకునేది ఇంకోడు. కుప్పలు మీరు పోసిండ్రు సార్. నేను డెబ్భై ఏరుకుంటున్న."

ఆయన ముఖం మాడిపోయింది. బ్యాగు తీసుకుని లేచాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"సరే, చెరిసగం. కానీ ఆట మా స్టోర్లో తప్ప ఎక్కడా ఉండకూడదు. ఈ సెంటర్లో కూడా తీసేయాలి."

చెరిసగం! నేను పెన్ను అందుకోబోయాను. అక్క నా వైపు చూడనే లేదు. వెనకాల కొత్తగా చేరిన బిచ్కుంద అమ్మాయి ఒక్క వేలితో బటన్ నొక్కుతోంది. అక్క చూపు ఆ వేలి మీదే ఉంది.

"అమ్ముకోండ్రి సార్, వద్దంటలేను. గీడికెల్లి తీసుడు మాత్రం కాదు."

"అక్కా, జర ఆలోచించు," అన్నాను.

"నీ ప్రోగ్రాం నీది తమ్మీ, ఇచ్చుకో. నా కొంగను నేనియ్య."

కొంగ లేని ఆట ఎవరికి కావాలి? ఆయన వెళ్లిపోయాడు. నేను చాలా రోజులు అక్కతో మాట్లాడలేదు. ఆమె మాత్రం ఏమీ జరగనట్టే మా ఇంటికి కూర గిన్నె పంపేది. చివరికి ఆ సెంటర్లోనే పాఠాలు చెప్పడానికి కుదిరాను. ఈ రోజుకీ నా తిండి ఆ జీతంతోనే. కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

కర్మలయ్యాక సెంటర్ తెరిచాం. ఆ రోజే చేరిన పిట్లం అమ్మాయి కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. ఆట పెట్టాను. అక్క మాట చెప్పబోయి, ఊరికే కీబోర్డు ఆమె ముందుకు జరిపాను. తెరమీద కొంగ ఒంటికాలిమీద నిలబడి, ఆ పిల్ల వేలు ఎప్పుడు కదులుతుందా అని చూస్తోంది.