నాలుగు వందల పన్నెండు గుడ్లు

మా మామగారంటే నాకు మంట. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ఉన్నన్నాళ్లూ ఆయన నా గురించి ఒక్క మంచి మాట చెప్పలేదు కాబట్టి నాకా మొహమాటం లేదు.

ఆయన చేవెళ్ల దగ్గర కోళ్లఫారంలో ఇరవై ఏళ్లు సూపర్‌వైజరుగా చేసి, మొయినాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. కోడిగుడ్డుకు ఈకలు పీకడమని మనం మాటవరసకు అంటాం. ఆయనకు అదే కొలువు. కొలువు మానేశాక, షెడ్డులో ఆడవాళ్లు పడ్డ తిట్లన్నీ కోడలిగా నా వంతుకొచ్చాయి. చారు పలచన, రొట్టె మందం, నడిస్తే చప్పుడు.

అప్పట్లో మా చుట్టుపక్కల ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు కంప్యూటరు నేర్చుకుంటున్నారు. నేనూ నేర్చుకున్నాను. అమెరికా డాక్టర్లు చెప్పి పంపిన మాటలు విని టైపు చేసే ఉద్యోగం మెహదీపట్నంలో దొరికింది. "చెవులల్ల వైర్లు పెట్టుకొని కూసునుడు గూడ నౌకరేనా? కోడలు బస్సెక్కి పోతె ఇంట్ల దీపమెవరు పెడ్తరు?" అన్నాడు మామ. నేను చేరాల్సిన వారంలోనే ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అత్తగారు ఎప్పుడో పోయింది. అన్నం తినిపించడానికి మిగిలింది నేనే.

"బాపు తన చేత్తోని తినేదాంక ఆగు. తినుడు షురువైన్నాడు నువ్వు పోయి చేరు" అన్నాడు మా ఆయన. ఆఫీసువాళ్లు మూడు నెలలు చూస్తామన్నారు.

ఆ మూడు నెలలూ పూటపూటా ముద్ద కలిపి ఆయన నోటి దగ్గర పట్టుకుని కూర్చున్నాను. వెంటనే నోరు తెరిచేవాడు కాదు. గోడకేసి చూసేవాడు, గడియారంకేసి చూసేవాడు. నా చెయ్యి నొప్పెట్టాక అందుకుని, నమిలి, "ఉప్పు తక్కువున్నది" అనేవాడు. ఉప్పు వేస్తే మరుసటి పూట ఎక్కువయ్యేది.

వేళ్లకు కసరత్తు కావాలని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే, పిల్లగాణ్నా అని ఎడమచేత్తో వాకిట్లోకి విసిరేశాడు. మేడమీద కిరాయికున్న కోస్తావాళ్లావిడ ఒకనాడు అరచేతిలో పట్టే చిన్న ఆటబొమ్మ ఒకటి తెచ్చింది. "మావారు చిన్నప్పుడు ఆడుకున్నదండీ, ఇంకా పనిచేస్తోంది. పెద్దాయన వేళ్లకి బాగుంటుందేమో చూడండి" అంది.

అందులో నాలుగు మూలల నాలుగు కోళ్లు. కోడి కింద వాలుబల్ల, దాని మీంచి గుడ్డు దొర్లుకుంటూ వస్తుంది. మధ్యలో బుట్టతో ఒక నక్క. అటు రెండు మీటలు, ఇటు రెండు. సమయానికి నొక్కితే గుడ్డు బుట్టలో పడి ఒకటి లెక్క పెరుగుతుంది. మూడు పగిలితే ఆట ఆగిపోతుంది, చివరి లెక్క మాత్రం మళ్లీ మీట నొక్కేదాకా అలాగే ఉంటుంది.

మామ దాన్ని చూసి, "ఈ షెడ్డు కట్టినోనికి బుద్ధున్నదా? గింత వాలు పెడ్తె గుడ్డు ఆగుతదా?" అన్నాడు. కానీ విసిరెయ్యలేదు. నేను ఆయన కుడి బొటనవేలును పట్టి మీట మీద పెట్టేదాన్ని. అది అక్కడ వడిలిన బెండకాయలా పడి ఉండేది. ఎడమ పక్క గుడ్లు అందేవి, కుడి పక్కవి పగిలేవి. పది దాటేది కాదు. నిజం చెప్తున్నాను, నాకు సంతోషంగా ఉండేది. కావాలని వేగం ఎక్కువున్న ఆట పెట్టి ఇచ్చేదాన్ని. "ఒకటి పగిలింది మామా. రెండు మామా" అని పైకి లెక్కపెట్టేదాన్ని, ఆయన షెడ్డులో పెట్టినట్టే.

ఆయన మొహం గంటుపెట్టుకుని నేను ఆడుతుంటే చూసేవాడు. "గుడ్డును జూడకు, వాలు జూడు" అన్నాడొకసారి. ఆ మాట విన్నాకే నాకు నూట ఎనభై వచ్చింది. నేను ఒంటిచేత్తో కూడా ఆడి చూశాను. ఎంత తిప్పలు పడ్డా ముప్పై దాటలేదు.

గడువు ఇంకా నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం ఎస్టీడీ బూత్‌కు పోయి ఆఫీసుకు ఫోను చేశాను. సోమవారం రాకపోతే ఇంకొకరిని తీసుకుంటామన్నారు. ఏడుపు దిగమింగుకుంటూ పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకొచ్చాను. లోపల టిక్కు టిక్కుమంటున్న బొమ్మ, వరసగా మూడు గుడ్లు పగిలిన చప్పుడు చేసి ఆగిపోయింది.

మామ కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. కుడి చెయ్యి దుప్పటి కింద ఉంది. బొమ్మ దిండు పక్కన ఉంది. తెరమీద నాలుగు వందల పన్నెండు.

మా ఆయన పనికి పోయాడు. మేడమీదవాళ్లు సెలవులకు ఊరెళ్లారు. ఇంట్లో ఇంకెవరూ లేరు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు, కళ్లారా చూశాను. వేగంగా వచ్చే నాలుగు వందల గుడ్లను పట్టిన చెయ్యి, నిన్న రాత్రి ముద్దకు లేవలేదు. ఎన్నాళ్లుగా లేవగలుగుతోందో ఆ చెయ్యి! నాకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది. మా ఆయనకు చెప్పలేదు. చెబితే తండ్రిని అనుమానించానని నన్నే అంటాడు. బొమ్మను మాత్రం మీట తగలకుండా తీసి బీరువాలో పెట్టాను.

సోమవారం పొద్దున బయటికి కట్టుకునే చీర కట్టుకున్నాను. మా ఆయన గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్నాడు. మామ ముందు స్టూలు వేసి, పప్పన్నం పళ్లెం పెట్టి, పక్కన బొమ్మ పెట్టాను. నేను కూర్చోలేదు.

"ఇది ఎవరాడిన్రో మీ కొడుకునడగాల్నా మామా?" అన్నాను, ఆయనకొక్కడికే వినపడేట్టు.

ఆయన లెక్కకేసి చూశాడు. కొడుకుకేసి చూశాడు. నాకేసి చూసిన చూపులో సిగ్గు ఇసుమంతైనా లేదు, మండిపోతున్నాడంతే. తర్వాత దుప్పటి కిందనుంచి కుడి చెయ్యి బయటికొచ్చింది. శుభ్రంగా అన్నం కలిపి, ముద్ద చేసి, నోట్లో పెట్టుకున్నాడు.

"బాపూ, చెయ్యొచ్చిందే" అన్నాడు మా ఆయన. పాపం, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

మామ ఆ ముద్ద నిదానంగా నమిలి మింగాడు. "ఉప్పు తక్కువున్నది" అన్నాడు.

నేను బ్యాగు భుజానికి తగిలించుకున్నాను. "డబ్బా గూట్ల ఉన్నది మామా. చెయ్యి వచ్చింది గదా, వేసుకోండ్రి" అని చెప్పి బస్సుకు బయల్దేరాను.