ఊరికే కూర్చోవడానికి ఒక సముద్రం

మా అత్త సముద్రం మాట ఎత్తింది గుడిబండెలో, ఒక పెళ్ళి భోజనంలో. ఆమె మా నాన్న చెల్లెలు, చాకవేలులో ఉంటుంది. మా చిన్నప్పుడు అమ్మ చేనికి పోతే నన్నూ అక్కనూ చూసుకున్నది ఆమే. డెబ్బై దాటినా ఇంకా తెల్లారేసరికి చేనిలో ఉంటుంది. తనకు ఫలానాది కావాలని అడగడం మేమెప్పుడూ వినలేదు. ఆ రోజు పంక్తిలో పక్కావిడ ధర్మస్థల పోయొచ్చిన కథ చెబుతుంటే విని, ఆకులో పాయసం జారిపోకుండా చేత్తో అడ్డం పెట్టుకుంటూ మాతో మెల్లిగా అంది.

“నేనూ పోయినాను ధర్మస్థలకు. ఇంక కొంచెం దూరం పోతే సముద్రమంట. డ్రైవరు బస్సు వెనక్కి తిప్పేసినాడు.”

“చూడల్లని ఉండాదా అత్తా?” అంది అక్క.

“చూసి వచ్చేసేది కాదు. దాని ముందర ఊరికే కూచోవల్ల.”

అక్కా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మేమూ సముద్రం చూసినవాళ్ళం కాదు. పిల్లలు కాలేజీ టూర్లలో చూసొచ్చి ఫోటోలు చూపిస్తే బాగుందనుకోవడమే. చేతులు కడుక్కునే చోటికి చేరేలోపే ముగ్గురం పోవాలని తేల్చేసుకున్నాం. ఎందుకో తెలియదు, అక్కడే కుళాయి దగ్గర నవ్వు పట్టుకుంది. వెనక నిలబడినవాళ్ళు జరగమనేదాకా నవ్వుతూనే ఉన్నాం.

నాది బాగేపల్లిలో కుట్టుపని. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే బ్యాంకు మేడమ్‌ది కుమటా దగ్గర ఒక చిన్న తీరపు ఊరు. విషయం చెప్పగానే ఆమె, “హోటల్ ఎందుకు? మా చిన్నమ్మ మేడ మీద గదులు అద్దెకిస్తుంది. పెద్దగా జనం రారు. చేపలవాళ్ళు, కొబ్బరి చెట్లు, అంతే” అని నంబరు ఇచ్చింది. ఆ నంబరు రాసుకున్న కాగితం మీదే ఎవరిదో చేతి కొలతా రాసుకుని, అంకెలు కలిసిపోయి, ఆ జాకెట్టు రెండుసార్లు విప్పి కుట్టాను.

ఇంట్లో చెబితే మా ఆయన అడిగిన మొదటి మాట, “ఏ దేవుడు?”

“దేవుడు లేడు. సముద్రం.”

“గుడి లేకుండా అంత దూరం యాల పోతాండారు?”

అక్కావాళ్ళ ఊరు చింతామణిలో బావ అదే అడిగాడట. చాకవేలులో అత్త కోడలూ అదే అడిగిందట. మా వైపు ఆడవాళ్ళు ఊరు దాటితే పెళ్ళికి, ఆసుపత్రికి, దేవుడికి. ఈ మూడింట్లో లేని ప్రయాణానికి ఏం పేరు పెట్టాలో ఎవరికీ తెలియలేదు. అత్త మాత్రం ఫోనులో తేల్చి చెప్పింది. “దేవుని పని పెట్టుకుంటే లైన్లో నిలబడల్ల, చెప్పులకు కాపలా కాయల్ల. ఈసారికి ఆయప్పకు ఇంట్లోనే దండం పెట్టుకుంటాంలే.”

ఇక రోజు కుదరాలి. అక్కావాళ్ళకు చింతామణి పక్కనే పట్టుపురుగుల షెడ్డు ఉంది. పురుగులు మేత మేస్తున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో ఎవరూ కదలరు. నేను తేదీ అడిగినప్పుడల్లా అక్క, “ఇప్పుడు రెండో జ్వరంలో ఉండాయి” అనో, “మూడో జ్వరం అయిపోయింది” అనో చెప్పేది. జ్వరమంటే పురుగు మేత మాని, కుబుసం విడిచి, లేచే వేళ. బ్యాంకు మేడమ్ ఒకసారి ఇది విని, పాపం, మీ అక్క పిల్లలకు ఎలా ఉందని అడిగింది. చివరికి అక్క లెక్క వేసి, గూళ్ళు కట్టడం మొదలెట్టి మేత పని తీరే వారం చూసుకుని ఒక శుక్రవారం చెప్పింది. రైలు టికెట్లు తీసేశాం.

అక్కడినుంచి నాకు కాలు నిలవలేదు. ముగ్గురికీ ఒకే పూల గుడ్డలో వదులు ప్యాంట్లు, పొడుగు చొక్కాలు కుట్టాను. అత్త పుట్టి బుద్ధెరిగి చీర తప్ప వేరే ఎరగదు. కొలతలకు బాగేపల్లి వచ్చినప్పుడు ప్యాంటు తొడిగిస్తే, అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి, దుకాణమంతా నడిచి చూసుకుంది.

“కాళ్ళు రెండూ వేరేవేరేగా ఉండాయే పాపా” అంది.

“ఎప్పుడూ వేరేగానే ఉండాయి గదత్తా.”

“ఉండాయిలే. నాకు తెలిసింది ఇప్పుడు.”

అని ఆ ప్యాంటుతోనే వాకిట్లో నుంచి ఎదురంగడికి పోయి తమలపాకులు కొనుక్కొచ్చింది. అంగడాయన చూసి ఏమీ అనలేదని ఆమెకు కొంచెం చిన్నబోయినట్లయింది.

ఆ రోజే దుకాణంలోంచి, మేడ మీద గదులిచ్చే ఆమెతో మొదట మాట్లాడింది నేనే. కానీ నా ప్రశ్నలు అయ్యేలోపే అత్త ఫోను లాక్కుంది. మా సరిహద్దు ఊళ్ళలో ఇంట్లో తెలుగు, బయట కన్నడం. అవతలామె కన్నడం మా కన్నడంలా కాదు, సాగదీసి పాడినట్లు ఉంటుంది. అయినా ఇద్దరికీ చప్పున కుదిరింది. నీళ్ళు ఇంటికి ఎంత దూరమని అత్త అడిగింది.

“మా పెరడు దాటితే నీళ్ళే అక్కా. వింటారా?” అని ఆమె ఫోను పట్టుకుని పెరట్లోకి నడిచింది.

నేను స్పీకరు పెట్టాను. కుట్టు మిషను ఆపేశాను. ముందు గాలి, తర్వాత కాకి, తర్వాత ఆ హోరు. కొంచెం తగ్గడం, మళ్ళీ రావడం. అత్త ఫోను మీదికి వంగి చాలాసేపు విన్నది.

“బోరు నీళ్ళు తొట్లో పడినట్లుండాది” అంది. ఇంకొంచెం విని, “ఎప్పుడు ఆఫ్ చేస్తారు?” అని అడిగింది.

అటువైపు ఆమె పగలబడి నవ్వింది. ఇక్కడ మేమూ. అత్త ఏమీ అనుకోలేదు. కరెంటు వచ్చినంతసేపే నీళ్ళు పారే ఊళ్ళో పుట్టిన మనిషి అడగవలసిన మాటే అడిగింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ రోజూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. చేపలు వద్దు, రాగిపిండి మేమే తెస్తాం, మీకు పల్లీలు కావాలా, మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి. ప్రయాణం సంగతి మాకు అత్త ద్వారానే తెలిసేది.

శుక్రవారం దగ్గర పడేసరికి అక్క ఫోను చేసింది. గొంతు ఏడుపులో ఉంది. వానలకు చలి పెరిగి పురుగులు వెనకబడ్డాయట, ఇంకా మేస్తున్నాయట. “మీరిద్దరూ పొయ్ రాండి” అంది. నేను వెంటనే అత్తకు చెబితే, “అది లేకుండా ఎట్ల పోతాం? నేను చింతామణికి పోతాండాను, నువ్వూ రా” అని పెట్టేసింది.

నేను పోయేసరికి అత్త ప్యాంటూ చొక్కాలో, నెత్తికి తువ్వాలు చుట్టుకుని షెడ్డులో మల్బరీ కొమ్మలు పరుస్తోంది. కిటికీలకు గోనెపట్టలు కట్టించి, బావతో బొగ్గుల కుంపటి పెట్టించింది. ప్రయాణం రోజు పొద్దున పురుగులు పండాయి. ఒళ్ళు పసుపు రంగుకు తిరిగి, తల ఎత్తి, గూడు కట్టడానికి చోటు వెతుక్కునే పురుగుల్ని పండాయంటారు. వాటిని ఏరి, గూళ్ళు కట్టుకునే వెదురు తడికల మీద, అంటే చంద్రికల మీద వేయాలి. అక్క, నేను, అత్త, బావ, పక్కింటి ఆడవాళ్ళు, అందరం కూర్చున్నాం. చేతులకు మెత్తగా, చల్లగా తగులుతుంటే నాకు ఒళ్ళు జలదరిస్తోంది, నవ్వూ వస్తోంది. అక్క ఒక్కో పురుగునూ బతిమాలుతోంది. “ఎక్కు తల్లీ, ఎక్కు. నాకు రైలుండాది.”

మధ్యాహ్నానికి చివరి చంద్రిక నిండింది. బావ దాన్ని గోడకు ఆనించి, చేతులు దులుపుకుని, “ఇంక పోండి. అవి గూళ్ళు కడితే నేను కాపలా. యా దేవుడూ లేడంటిరి, ఎవరికి చెప్పుకోవల్లనో” అన్నాడు. అక్క మొహం కడుక్కుని వచ్చేలోపే ఆమె సంచి బస్సు స్టాండు దారిలో అత్త భుజాన ఉంది.

బెంగుళూరులో రైలెక్కాం. తెల్లవారి దిగేసరికి సన్నగా వాన పడుతోంది. గాలిలో తడి, ఏదో ఉప్పు వాసన. ప్లాట్‌ఫారం మీద పెద్ద నల్ల గొడుగు పట్టుకుని ఒక లావుపాటామె నిలబడి ఉంది. స్టేషనుకు వస్తానన్న గదులామెను మేము ఫోటోలో కూడా చూడలేదు, ఎలా గుర్తుపట్టాలా అనుకుంటున్నాను. అత్త తిన్నగా నడిచిపోయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“మోకాళ్ళెట్ల ఉండాయమ్మా” అని తెలుగులోనే అడిగింది.

ఆమె కన్నడంలో ఏదో జవాబు చెప్పింది. ఇద్దరూ ఆ ఒక్క గొడుగు కిందికి దూరి, మా వైపైనా చూడకుండా, మాట్లాడుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. రాగిపిండి, పల్లీలు, సంచులన్నీ మా ఇద్దరి మధ్య ప్లాట్‌ఫారం మీద మిగిలాయి. అక్క నా వైపు చూసింది. వానలో తడుస్తూ, దొరికింది దొరికినట్లు చంకన పెట్టుకుని, నవ్వు ఆపుకోలేక మూట జారితే మళ్ళీ ఎత్తుకుంటూ, వాళ్ళ వెనకే పరుగెత్తాం.