పామర్రు దగ్గర చిల్లుల కారు

పాత కార్ల పిచ్చి నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. బెజవాడలో స్పేర్ పార్టుల దుకాణంలో పనిచేసే రోజుల్లో, అంటే డెబ్బైల నడుమ, ఎక్కడ పాత బండి ఉందన్నా చొక్కా తొడుక్కుని బయల్దేరేవాణ్ణి. "కొనే మొహమా, చూసొచ్చే మొహమా!" అని మా ఆవిడ ఎగతాళి చేసేది. పామర్రు ప్రయాణానికి మాత్రం కారణం ఆవిడే. తనతోపాటు బడిలో పాఠాలు చెప్పే సుశీలను ఒకరోజు ఇంటికి తీసుకొచ్చింది. "అన్నయ్యగారూ, మా ఊళ్లో నాన్నగారి కారుంది. కంపెనీ వాళ్లు పందేల కోసమే చేసిన కారని ఆయన పోయేదాకా చెప్పారు. ఊరేమో కోతల జోసఫ్ అని పేరు పెట్టింది. ఆదివారానికి ఆయన పోయి ఏడాది. జ్ఞాపకార్థ కూడికలో నేను మాట్లాడాలి. మీరు చూసి నిజమంటే అందరి ముందూ చెబుతా. కాదంటే ఆ మాటే ఎత్తను" అంది సుశీల.

శనివారం పొద్దున ఆరున్నరకు నేనూ సుశీలా బందరు బస్సెక్కాం. పామర్రుకు టిక్కెట్టు రెండు రూపాయలు దాటలేదు. ఉయ్యూరు దగ్గర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బళ్లు రోడ్డంతా ఆక్రమించాయి. అరగంట కదల్లేదు. నేను విసుక్కుంటుంటే సుశీల వాళ్ల నాన్న సంగతి చెప్పింది. ఆయన మద్రాసులో ఒక దొర దగ్గర డ్రైవరు. దొరకు కారు పందేల సరదా. దేశం వదిలి వెళ్తూ ఆ రెండు సీట్ల కారును జోసఫ్ గారికి ఇచ్చేశాడట.

పామర్రులో ఇడ్లీ తిని, కూచిపూడి రోడ్డు మీద రిక్షా మాట్లాడుకున్నాం. రిక్షా ఆయన సుశీలను గుర్తుపట్టి, "జోసఫ్ గారి కారు చూడ్డానికా అండీ? పెద్దాయన మంచోడేనండి. ఆ కారు మాట వస్తేనే కోతలు కోటలు దాటేవండి" అని నవ్వాడు. సుశీల చేల వైపు తిరిగి కూర్చుంది. నాకు ఒళ్లు మండింది గానీ, కారు చూడకుండా ఏం మాట్లాడను?

కారు గొడ్లసావిట్లో ఉంది. పైన గోనెపట్టాలు, సీట్లో కోడి. దాన్ని తోలి, టార్చిలైటు పట్టుకుని దూరాను. ఏ కారో తేల్చి చెప్పే ఛాసీ నంబరు పలక ఊడిపోయింది. ఇంజను ఎప్పుడో మార్చారు. పందెం కారుకు బానెట్ మీద ఉండాల్సిన తోలుపట్టీ లేదు. మామూలు కార్లకు పందెం కారు వేషం వేసి అమ్మినవాళ్లూ ఉన్నారు. ఇది అలాంటిదేనేమో అనిపించి నీరుగారిపోయాను. ఒక్కటే అంతుబట్టలేదు. తలుపుల లోపలి చట్రానికీ, సీట్ల కింది ఇనప పట్టీలకీ వరసగా, ఒకే ఎడంతో, అణా బిళ్లంత రేకు ముక్కలు కొట్టి ఉన్నాయి. తుప్పు చిల్లులకు వేసిన మాట్లనుకుందామంటే, తుప్పుకు చిల్లులు ఇంత క్రమంగా పడతాయా?

భోజనాల దగ్గర సుశీల వాళ్లమ్మ కొరమీను పులుసు వడ్డించింది. ఆ రేకుల సంగతి అడిగాను.

"అవి నేనే ఏయించాను బాబూ" అందావిడ. "ఆ బండి నిండా చిల్లులే. ఊళ్లో జల్లెడ కారనేవోళ్లు. దొర పనికిరాని బండి అంటగట్టి పోయాడని పడీపడీ నవ్వేవోళ్లు. ఈయనేమో బరువు తగ్గడానికి కంపెనీ వాళ్లే పెట్టారనేవోరు. కొత్త బండికి చిల్లులు పెట్టేవోళ్లు ఉంటారా? ఆయన బందరెళ్లినప్పుడు కాలవ పడవలకి మాట్లేసే ఆయన్ని పిలిపించి, తారు పూయించి రేకులు కొట్టించా."

"నాన్నగారు ఏమన్నారమ్మా?" అంది సుశీల. ఆ సంగతి తనకూ తెలియదు.

"చూసి ఊరుకున్నారు. మళ్లీ చిల్లుల మాటెత్తలేదు."

చెయ్యి కడుక్కుని సావిట్లోకి పరుగెత్తాను. ఆవిడ సరేనన్నాక ఒక రేకు పెకలించి, కిరసనాయిలు గుడ్డతో తారు తుడిచాను. గుండ్రటి చిల్లు. దాని అంచు చేత్తో తడిమితే నున్నగా ఉంది. అంచు లోపలిదాకా ముదురాకుపచ్చ రంగు నిగనిగలాడుతోంది. తర్వాత ఎవరో డ్రిల్లు కొట్టి ఉంటే అక్కడ రంగుండదు, వట్టి ఇనుమే ఉంటుంది. ఇక్కడ ముందు చిల్లు పెట్టి, ఆ తర్వాత రంగు వేశారు. అది చెయ్యగలిగింది కారు కట్టినవాళ్లే. ఇంకో మూడు విప్పాను. అన్నీ అంతే.

"జోసఫ్ గారు చెప్పింది అక్షరాలా నిజం" అని కేకేశాను. సుశీల కారు తలుపు పట్టుకుని ఏడ్చేసింది. "అమ్మగారూ, మీరు తారు పూయించబట్టే ఈ రంగు మిగిలింది. లేకపోతే ఈ ఉప్పుగాలికి ఎప్పుడో తుప్పు తినేసేది" అన్నాను నేను.

పెద్దావిడ వంగి, ఆ చిల్లులోకి వేలు పెట్టి చూసింది. "ఊరు నవ్విందంటే సరే. పక్కనున్నదాన్ని, నేనూ నమ్మలేదు" అంది. తలెత్తి, "సుశీలా, ఈ బండిని బయటికి తోయించు. రేకులన్నీ పీకించు. రేపు కూడికకొచ్చే ప్రతివోడూ దీని పక్కనుంచే లోపలికి రావాలి" అంది.

"అన్నీ పీకకండమ్మా, తుప్పు పడుతుంది" అన్నాను.

"పట్టనీ బాబూ. ఆయన మాట మీద నేనేసిన మూతలవి."

చీకటి పడేలోపు ముగ్గురం కలిసి ఒక్కటీ మిగలకుండా తీశాం. నేను ఆఖరి బస్సుకు వచ్చేశాను.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండిందని జోసఫ్ గారికి తెలియకపోవడమే నాకు ఇప్పటికీ బాధ. పాత కారులో అసలు భాగాలు వెతకడమంటే పలకలూ నంబర్లూ చూడటమే అనుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం భోజనం దగ్గర అడిగిన ప్రశ్నే దారి చూపింది. మీరూ అలాంటి బండి చూడటానికి వెళ్తే టార్చిలైటు, కిరసనాయిలు గుడ్డ వెంట ఉంచుకోండి. ఎక్కడైనా మాటు కనిపిస్తే మాత్రం చెయ్యి వేసే ముందు, అది ఎవరు వేయించారో, ఎందుకు వేయించారో ఇంట్లో అడగండి.