గాలి మేస్త్రి పెట్టిన ఊపిరి పరీక్ష

గాలి మేస్త్రి అంత పిరికి మనిషిని వెతికి పట్టుకోవాలంటే కాళ్ళరిగిపోతాయి. తలుపు కాస్త గట్టిగా పడితే ఉలిక్కిపడతాడు. ఎవరైనా "నీతో ఒక మాట చెప్పాలి" అంటే చాలు, ఆ మాటేమిటో వినకముందే ముచ్చెమటలు పోస్తాయి. పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య "ధైర్యం రావడానికి మందేమైనా ఉందేమో కనుక్కోనా?" అని ఆటపట్టిస్తే, "ఉంటుందంటావా?" అని ఆశగా అడిగాడట. ఆవిడ ఆ సంగతి ఇరవై ఏళ్ళుగా వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుని నవ్వుతూనే ఉంది.

అలాంటి మనిషి నక్షత్ర నౌకలో పనికి ఎలా కుదిరాడంటే, ఆ భయం పుణ్యమా అనే కుదిరాడు. ఓడ పొడవునా పేగుల్లా గాలి గొట్టాలుంటాయి. ప్రతి గదికీ గాలి వదలడానికీ, ఆపడానికీ గోడ బయట ఒక ఇనుప చక్రం ఉంటుంది. వీటన్నిటినీ చూసుకునే వాడే గాలి మేస్త్రి. "ధైర్యమున్నవాడు గొట్టాన్ని ఒకసారి చూసి వదిలేస్తాడు. నువ్వు నాలుగుసార్లు చూస్తావు. నాకు నువ్వే కావాలి" అని పాత కెప్టెన్ ఏరికోరి పెట్టుకున్నాడు. ఆయన నమ్మకం వమ్ము కాలేదు. పంతొమ్మిదేళ్ళలో ఆ ఓడలో ఎవరికీ ఊపిరి అందలేదన్న మాట రాలేదు. వడపోత గుడ్డలు తనే ఉతికి తనే ఆరేసుకునేవాడు, అతుకు అతుకు దగ్గరా చెంప ఆనించి చూసుకునేవాడు.

ప్రయాణానికీ ప్రయాణానికీ మధ్య రేవు వీధిలో, తాళ్ళ దుకాణం పైన రెండు గదుల ఇంట్లో ఉండేవాడు. ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లకి బొమ్మలు తేవడం, కథలు చెప్పడం ఆయనకి చేతకాలేదు. తనకి తెలిసిందల్లా గాలి గురించే కాబట్టి మేడమెట్ల మీద చెయ్యి పట్టుకుని ఎక్కిస్తూ ఊపిరి పొదుపు నేర్పాడు. నాలుగు మెట్లకి ఒక ఊపిరి, తరువాత ఆరు మెట్లకి, ఆపైన ఎనిమిదికి. పిల్ల పెద్దదై నీళ్ళలో మునిగి పడవల అడుగున అతుకులు వేసే పనిలో చేరింది. రేవులో అందరికన్నా ఎక్కువసేపు నీటికింద ఉండేది ఆ అమ్మాయేనని చెబితే, గర్వపడాల్సిన తండ్రి హడలిపోయి మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వంటాయన, అంటే అదే ఓడలో వండిపెట్టే మనిషి, మేస్త్రికి చిన్ననాటి స్నేహితుడు, వచ్చి చీవాట్లు పెట్టాక గానీ మామూలు మనిషి కాలేదు. ఆ వంటాయన్ని పిల్ల "మామయ్యా" అని పిలిచేది. అతని భుజాల మీదే పెరిగింది.

ఆఖరి ప్రయాణం ఏడాదన్నారు. మూడేళ్ళు గడిచినా కెప్టెన్ ఓడని వెనక్కి తిప్పలేదు. ఇంకో రేవు, ఇంకో సరుకు అంటూ సాగదీశాడు. ఇళ్ళకి ఉత్తరాలు లేవు. అడిగిన వాళ్ళని గదుల్లో పెట్టి తాళం వేయించాడు. చివరికి ఓడ పనివాళ్ళ మీద పెత్తనం చేసే సరంగు, చుక్కాని పట్టేవాడు కలిసి తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు జరుగుతున్నంతసేపూ మన మేస్త్రి ఒక గొట్టంలో దూరి బూజు దులుపుతున్నాడు. బయటికి వచ్చేసరికి కెప్టెన్, ఆయన వైపు నిలబడిన మరో నలుగురు కింది కొట్టులో బందీలు. సరంగు తుపాకీ పట్టుకుని "నువ్వు మా వైపేగా, మేస్త్రీ?" అన్నాడు. "ఔనండీ" అన్నాడు ఈయన. అవతలి వాళ్ళు అడిగినా అదే అనేవాడు, అందులో అనుమానం లేదు.

మూడో రోజు ఆ కొట్టులోంచి అయిదు శవాలు తీసి బయటి చీకట్లోకి వదిలేశారు. మధ్యలో ఏం జరిగిందో మేస్త్రి ఎవరితోనూ అనలేదు. ఆ రోజు నుంచి నిద్రలో కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుపోయి, లేచాక ఎడంచేత్తో ఒక్కొక్క వేలే విప్పుకోవాల్సి వచ్చేది.

తిరగబడ్డవాళ్ళు ఇళ్ళకి పోలేరు, పోతే ఉరే. ఆ సమయంలో పొరుగు వాళ్ళతో యుద్ధంలో ఉన్న ఒక సర్కారు వీళ్ళని పిలిచి ఒక కాగితం ఇచ్చింది. శత్రువు సరుకు ఓడల్ని దోచుకోవచ్చు, ఎవరూ నేరం మోపరు అని దాని సారాంశం. అలా దొంగలకి పట్టా దొరికింది. రెండు దాడులయ్యాక పదకొండు మంది తక్కువయ్యారు. కొత్త మనుషుల్ని చేర్చుకోవాలి. ఆ కాగితం చెల్లే రేవుల్లో ఎక్కడ దిగుదామా అని పటం మీద వెతికి చుక్కాని పట్టేవాడు వేలు పెట్టిన చోటు చూడగానే మేస్త్రికి పై ప్రాణాలు పైనే పోయాయి. అది తన ఊరు.

మామూలు మనిషైతే సంతోషించాలి. కానీ ఆ ఓడలో ఒక కొత్త కట్టుబాటు పెట్టారు. పాత పనివాళ్ళకి నా అన్నవాళ్ళు ఎవరైనా చేతికి చిక్కితే, పరీక్షా గిరీక్షా లేకుండా ఓడెక్కించెయ్యడమే. సొంత మనిషి ఓడలో ఉంటే ఎవడూ పారిపోడు, ఎవడూ నోరు విప్పడు. సరంగు తన బావమరిదినే అలా ఎక్కించాడు. ఆ కుర్రాడు రెండో దాడిలో పోయాడు. ఈ కట్టుబాటు రాసిన రోజు ఒక్కొక్కరినీ ఇంటివాళ్ళ వివరాలు అడిగారు. మేస్త్రి గుటకలు మింగి "నాకెవరూ లేరండీ" అన్నాడు. ఎప్పుడూ గొట్టాల్లోనే ఉండే మనిషి ఇంటి సంగతి ఓడలో ఎవరూ ఎన్నడూ పట్టించుకోలేదు కాబట్టి నమ్మేశారు. జీవితంలో ఆయన ధైర్యంగా ఆడిన అబద్ధం అదొక్కటే, అదీ భయంతోనే.

రేవు చివర ఖాళీ గిడ్డంగిలో మనుషుల్ని చేర్చుకోవడం మొదలుపెట్టారు. ముందు భాగంలో బల్ల వేసుకుని సరంగు లోకాల గురించీ, వీరత్వం గురించీ ఊదరగొడుతున్నాడు. వెనక అద్దాల గదిలో మేస్త్రి పరీక్ష. ఓడలో గాలికి కొలతుంటుంది. ఒకడు ఎక్కువ పీలిస్తే ఇంకొకడికి తక్కువైనట్టే. అందుకే కొత్తవాడి నోటికీ ముక్కుకీ మాస్కు తొడిగి, రబ్బరు గొట్టంతో గోడ గడియారమంత మీటరుకి తగిలిస్తారు. పది నిమిషాల్లో ముల్లు ఒక్కసారైనా ఎర్రగీత దాటిందా, ఇక ఆ మనిషి పనికిరాడు. ఆ పది నిమిషాలూ పరీక్ష పెట్టేవాడు ఏదో ఒకటి మాట్లాడి మనిషిని కదిలించాలి. ఊరికే కూర్చుంటే ఎవడైనా నెమ్మదిగానే పీలుస్తాడు కదా. మేస్త్రి మెత్తని మనిషి కాబట్టి చిన్నప్పటి కబుర్లే అడిగేవాడు. పంపు మోతకి గదిలో మాట బయటికి వినపడదు గానీ, అద్దంలోంచి ముల్లు మాత్రం సరంగుకి స్పష్టంగా కనిపిస్తుంది. అందులో మోసం కుదరదు.

రెండో రోజు మధ్యాహ్నం వరసలో ఏడో మనిషిగా కూతురు కనిపించింది.

గిడ్డంగి దుమ్ముకి ముఖానికి కట్టుకున్న గుడ్డని మేస్త్రి ఇంకాస్త పైకి లాక్కున్నాడు. ఆరుగురిని ఎలా పరీక్షించాడో ఆయనకే తెలియదు. ఒకతన్ని ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడిగాడు. ఏడో మనిషి లోపలికి వచ్చింది, తలుపు వేసింది, ఎదురుగా కూర్చుంది. గుడ్డ పైన కనిపించే కళ్ళని చూసీ చూడగానే పోల్చుకుని, దొరికావులే అన్నట్టు ముఖమంతా నవ్వింది. ఆ నోరు తెరుచుకోబోతుండగా మేస్త్రి గబుక్కున మాస్కు తెచ్చి నొక్కిపెట్టి పంపు వేశాడు.

"మాట్లాడకు తల్లీ. నవ్వకు. నేనెవరో నీకు తెలియనట్టే ఉండు. అద్దం అవతల ఉన్నాడే, ఆయనకి తెలిస్తే నిన్ను ఇప్పుడే ఎక్కించేస్తారు. ఎవరడిగినా నన్నెరగనని చెప్పు. అర్థమైందా?"

పిల్ల కళ్ళలో నవ్వు పోయింది. తల చిన్నగా ఊపింది.

"నా కోసం వచ్చావా? లోపలికి రానివ్వలేదని వరసలో నిలబడ్డావా?"

మళ్ళీ ఊపింది.

"అమ్మ బాగుందా?"

ఊపింది. ఈసారి కళ్ళు చెమ్మగిల్లాయి. మేస్త్రి మీటరు వైపు చూశాడు. ముల్లు ఎక్కడో అడుగున, నిద్రపోతున్నంత నిదానంగా ఊగుతోంది. ఎనిమిది మెట్లకి ఒక ఊపిరి. తను నేర్పిందే. ఇలా అయితే ఈ పరీక్ష నెగ్గేది ఈ పిల్లే. నెగ్గిన వాళ్ళని సాయంత్రానికల్లా ఓడెక్కిస్తున్నారు, ఇష్టం లేదన్నా వదలడం లేదు.

"గబగబా పీల్చు తల్లీ. ముల్లు ఆ ఎర్రగీత దాటాలి."

పిల్ల తల అడ్డంగా ఊపింది. వేలితో ఆయన్నీ, తన్నీ చూపించి తలుపు వైపు చూపించింది. నువ్వూ వస్తేనే అని. తల్లి మొండితనం అచ్చంగా దిగింది.

"నేను రాలేను. వీళ్ళు వదలరు. వీళ్ళు మనుషుల్ని చంపుతారే! కెప్టెన్ని చంపేశారు."

ముల్లు పైకి లేవలేదు. రేవులో ఆ వార్త అందరికీ తెలిసిందే.

ఆరు నిమిషాలయ్యాయి. బెదిరిద్దామంటే ఈ పిల్ల భయపడే రకం కాదు. దాడుల్లో చూసినవన్నీ చెప్పాడు. తెగిన చేతులు, మూసుకున్న తలుపుల వెనక కేకలు. పిల్ల ఆయన మోకాలి మీద చెయ్యి వేసి నిమిరింది, పాపం ఎన్ని పడ్డావో అన్నట్టు. ఎనిమిది నిమిషాలు. సరంగు అద్దం దగ్గరికి వచ్చి ముల్లు చూసి మెచ్చుకోలుగా తలాడించాడు.

ఇంక ఆయన దగ్గర మిగిలింది ఒక్కటే. అది చెప్పడం కంటే చావడం నయమనుకున్నాడు, కానీ చావడానికి వ్యవధి లేదు.

"మీ వంట మామయ్య కూడా ఆ కొట్టులోనే ఉన్నాడు" అన్నాడు.

ముల్లు ఒక్కసారి ఎగిరి, గీతకి వేలెడు దూరంలో ఆగి, మళ్ళీ దిగింది. పిల్ల కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టింది.

"ఓడకి దారి చూపించే యంత్రం తాళం ఎక్కడుందో కెప్టెన్ చెప్పలేదు. ఆ గదికి గాలి ఆపమన్నారు. అరగంట బెదిరిద్దాం, తరువాత తెరుద్దువుగాని అన్నారు. చక్రం తిప్పింది నేనే. తిప్పి, దాని మీద చెయ్యి వేసుకునే నిలబడ్డాను. అరగంట అయింది. తెరవమని ఎవరూ రాలేదు. వాళ్ళు తలుపు కొడుతున్నారు. మామయ్య నన్ను పేరు పెట్టి పిలిచాడు. వాడికి తెలుసు కదా బయట ఉండేది నేనేనని. తిప్పితే చాలు, తెరుచుకుంటుంది. నా చెయ్యి దాని మీదే ఉంది తల్లీ. ఎవరూ చెప్పలేదని నేను తెరవలేదు. చప్పుడు ఆగిపోయేదాకా అలాగే నిలబడ్డాను."

పిల్ల కళ్ళు తెరిచి ఆయన చేతిని చూసింది. మాస్కు నొక్కిపట్టుకున్న ఆ కుడిచేతినే చూసింది. ఛాతీ ఎగిసిపడింది. ముల్లు సర్రున లేచి, ఎర్రగీత దాటి, అవతలి చివర కొట్టుకుని అక్కడే గిలగిల్లాడింది. మేస్త్రి పంపు ఆపేశాడు.

సరంగు విసుగ్గా తలుపు తోసుకుని వచ్చాడు. "ఇంతసేపూ బంగారంలా ఉందిగా? ఏం చెప్పావయ్యా, ఇలా బెదిరింది?"

"ఏవో కబుర్లండీ. దమ్ము చాలదండీ ఈ అమ్మాయికి. పనికిరాదు."

సరంగు వెళ్ళబోయి ఆగాడు. ఆయన్నీ, పిల్లనీ మార్చి మార్చి చూశాడు. "ఆ కళ్ళేంటి, రెండు జతలూ ఒకే మూసలో పోసినట్టున్నాయి? ఏమ్మాయ్, మా మేస్త్రి నీకు తెలుసా?"

పిల్ల ఆయన చెయ్యి తగలకుండా మాస్కు తప్పించుకుని లేచి నిలబడింది. తొందరేమీ పడకుండా ఆయన్ని నెత్తి నుంచి పాదాల దాకా చూసింది.

"తెలియదండీ" అంది. "ఈయనెవరో నాకు తెలియదు."

సరంగు భుజాలెగరేసి, పొమ్మని దారిచ్చాడు. పిల్ల రేవు వీధిలోకి నడిచి, ఎండలో తాళ్ళ దుకాణం వైపు తిరిగి కనుమరుగైంది. బతికిపోయింది. అలా చెప్పమని బతిమాలింది మేస్త్రే. కానీ అద్దం వెనక నిలబడ్డ ఆయనకి, తన కూతురు అబద్ధమాడలేదని తెలుసు.