బుధవారం పాఠాలు లేవు

నోరీన్‌ది మా ఎదురిల్లు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసీ చేసీ ఆమె వేళ్లు వంకర్లు పోయాయి. ఇక కాళ్లు చాపుకుని కూర్చుందామనుకున్న వయసులో మనవరాలు టామ్సిన్ వచ్చి చేరింది. కూతురు మందు మానలేక ఎక్కడెక్కడో తిరుగుతోంది. ఇంగ్లండులో ఈ ఓల్డమ్ ఊళ్లో మా వీధి సన్నం, కిటికీలు ఎదురెదురు. నోరీన్ గుమ్మం ముందు ఆగినన్ని కార్లు పెళ్లింటి ముందు కూడా ఆగవు.

టామ్సిన్ పెద్ద బడిలో కుర్చీ విసిరి కిటికీ పగలగొట్టింది. వాళ్లు బయటికి పంపేశారు. అలాంటి పిల్లల కోసం ఒకప్పుడు బింగో ఆట ఆడించిన పాత హాల్లో ఒక చిన్న బడి నడుస్తోంది, అందులో చేర్చారు. బడి వెనకే సాయమూ వచ్చింది. మనసు బాగోగులు చూసే నర్సు ఇమెల్డా, పిల్లల సంక్షేమం ఆఫీసు మనిషి, పోలీసుల తరఫున కుర్రవాళ్లతో మాట్లాడే ఆయన, హాజరు చూసే ఆవిడ. అందరూ మంచివాళ్లే, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్లయితే మొహం మీద తలుపేయొచ్చు. వచ్చిన ప్రతివాళ్లూ "మొదట్నుంచి చెప్పు తల్లీ" అనేవారు. పిల్ల మళ్లీ మొదట్నుంచి చెప్పేది.

ఆ బడిలో బుధవారం పుస్తకాలుండవు, గోడలకు టైల్స్ అంటించడం నేర్పుతారు. వారం పొడవునా ముడుచుకుని ఉండే టామ్సిన్ మొహం ఆ రోజే కాస్త విప్పారేది. ఆఫీసులవాళ్లేమో, ఆ రోజు ఎలాగూ పాఠాలు లేవు, చదువు పాడవదు అని ఎవరికి వాళ్లే అనుకుని ఇంటికి రావడానికి బుధవారాలే ఎంచుకున్నారు. ఒకరు పొద్దున, ఒకరు మధ్యాహ్నం. పిల్ల ఇంట్లో కూర్చునేది, బడిలో గైర్హాజరు పడేది.

చలికాలం వెళ్లేసరికి మీటింగు పెట్టారు. ఇలాగే సాగితే సీటు పోతుందట, తర్వాత టాక్సీలో గంట ప్రయాణం చేసి వేరే ఊరి బడికి పోవాలట. నోరీన్ తోడు రమ్మంది. నేను కాదంటానా? పిల్లని తీసుకుని ముగ్గురం వెళ్లాం.

"బుధవారాలు ఎందుకు ఎగ్గొడుతున్నావు?" అంది హాజరు చూసే ఆవిడ.

"మీరొచ్చి కూర్చుంటే బడికెవరు పోతారు? చచ్చిపోయిన మా తాతా?" అంది టామ్సిన్.

వేరే రోజు చూద్దామని అందరూ ఫోన్లు తీశారు.

"గురువారం?"

"నాకు కోర్టు."

"పోనీ సోమవారం?"

"నాది సగం రోజే ఉద్యోగం."

అందరికీ కుదిరే రోజు వేసవి సెలవులు దాటాక గానీ దొరకలేదు. "అప్పటిదాకా బుధవారమే కానిద్దామా, నోరీన్ గారూ?" అన్నాడు సంక్షేమం మనిషి.

"మరి దీని సీటు?"

"అది వేరే విభాగం చూస్తుందండీ."

తిరుగు బస్సులో నోరీన్ కళ్లు మూసుకుంది. "తిట్టడానికి కూడా ఓపిక లేదే బెరిల్" అంది నాతో.

తర్వాతి బుధవారం పిల్లని పొద్దున్నే బడికి తరిమింది. తలుపు గడియ పెట్టి లోపలి మెట్ల మీద కూర్చుంది. ఆమె పక్కన నేను. సాయం వద్దంటోందని తేలితే పిల్లని తన దగ్గర ఉంచరేమోనని ఆమె భయం. ఆ భయం నాకూ ఉంది.

గంట మోగింది. తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి నర్సు ఇమెల్డా గొంతు. "నోరీన్ గారూ, లోపలే ఉన్నారు కదా? టీవీ వినిపిస్తోంది."

"నేనున్నాను. పిల్ల లేదు. బడికెళ్లింది."

"కలవకపోతే మీరు సహకరించలేదని రాయాలమ్మా."

"రాసుకో తల్లీ. పిల్ల బడిలో ఉందని కూడా రాయి."

బయట వాన చప్పుడు.

"టైల్సా ఇవాళ?" అంది ఇమెల్డా.

"ఆ."

"రెండూ రాస్తాను. పైవాళ్లు ఏది చదువుతారో మాత్రం నేను చెప్పలేను."

కారు వెళ్లిపోయింది. లేపుదామని నేను చెయ్యి అందించాను. నోరీన్ అందుకోలేదు. "కాసేపుండవే. మధ్యాహ్నం ఇంకొకాయన వస్తాడు" అంది.