తొమ్మిదో సంతకం

1944లో నేను చిత్తూరులో డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్ ఆఫీసులో గుమాస్తాని. పేరు పెద్దదే గానీ, ఆఫీసంటే ఒక అద్దె మిద్దె, మూడు బల్లలు, రెండు బీరువాలు, తలుపు దగ్గర స్టూలు మీద కునికే బంట్రోతు. మద్రాసు నుంచి విద్యాశాఖ పంపే ఉత్తర్వులను మా కింద ఉన్న ఎలిమెంటరీ బళ్లకు చేరవేయడం నా పని. సెలవులు ఎప్పుడు, ఏ పుస్తకం మానెయ్యాలి, ఏ రిజిస్టరు కొత్తగా పెట్టాలి, ఇలాంటివన్నీ నా బల్ల మీదుగానే పోయేవి. వాటిని సర్కులర్లు అనేవాళ్లం. ఒక్కదాని మీద కూడా నా సంతకం ఉండేది కాదు. అయినా నేను పంపితే తప్ప పల్లెల్లో ఏ అయివారికీ ఏ సంగతీ తెలిసేది కాదు. మా వైపు బడిపంతులును అయివారు అంటారు.

యుద్ధకాలం కనక కాగితానికి కరువొచ్చింది. అంతకుముందు బడికొక ప్రతి పంపేవాళ్లం. ఇప్పుడు ఎనిమిది తొమ్మిది బళ్లకు కలిపి ఒకటే. దాన్ని 'రౌండు' అనేవాళ్లం. కాగితం వెనక బళ్ల పేర్లు వరసగా రాసి మొదటి బడికి టపాలో పంపుతాం. అక్కడి అయివారు అందులోని విషయాన్ని తన సర్కులర్ పుస్తకంలో ఎక్కించుకుని, వెనక తన బడి పేరు పక్కన తేదీ వేసి సంతకం చేసి, రెండో ఊరికి పోయే మనిషి ఎవరైనా ఉంటే వాళ్ల చేతికిస్తాడు. రెండో ఆయన మూడో ఊరికి పంపుతాడు. ఆఖరి ఆయన దాన్ని టపాలో మాకు తిప్పి పంపుతాడు. ఎవరు ఎన్నాళ్లు దగ్గర పెట్టుకున్నా అడిగే దిక్కు లేదు.

పాకాల చుట్టుపక్కల రౌండులో తొమ్మిది బళ్లు. తొమ్మిదో పేరు ఎప్పుడూ మాలపల్లె బడిదే. రికార్డుల్లో మాత్రం హరిజన పాఠశాల అని రాసేవాళ్లం. పాకాలలో రైలు దిగితే కూతవేటు దూరం. దారిని బట్టి చూస్తే వరసలో అది రెండోదో మూడోదో కావాలి. కానీ ఆ బడి అయివారి చేతి మీదుగా వచ్చిన కాగితాన్ని తక్కిన ఎనిమిదిమంది ముట్టరు. ముట్టినా నీళ్లు చల్లి ముడతారు, సిరా అలుక్కుపోతుంది. అందుకని ఆ బడిని చివరికి నెట్టారు. అక్కడి నుంచి కాగితం టపా డబ్బాలో పడుతుంది, టపా డబ్బాకు మైల లేదు కదా. ఈ తెలివి నాకు ముందున్న గుమాస్తాది. దాన్ని నాలుగేళ్లు కొనసాగించిన ఘనత నాది.

ఆ బడి అయివారు మునెయ్య. అదే పల్లెలో పుట్టినవాడు. ఎనిమిదో తరగతి పరీక్ష పాసయ్యాడు గానీ ట్రెయినింగ్ లేదు. అంటే పాఠం చెప్పే పద్ధతి నేర్చుకున్నట్టు సర్కారు ఇచ్చే పత్రం అతని దగ్గర లేదు. బోదగడ్డి కప్పిన ఒక కొట్టమే బడి. ఇన్‌స్పెక్టర్ గారి వెంట ఒకసారి తనిఖీకి పోయి చూశాను. పిల్లలు ఎక్కాలు తడుముకోకుండా చెప్పారు. పత్రాలున్న అయివార్ల బళ్లలో అంత బాగా చెప్పినవాళ్లను నేను చాలా కొద్దిమందినే చూశాను.

1943లో ఒకసారి మునెయ్య ఏదో పని మీద ఆఫీసుకొచ్చి, పోయేముందు నా బల్ల దగ్గర నిలబడ్డాడు.

“సార్, ఒక మాట. మాకు కాగితాలు వచ్చే లోపల వాటి గడువు తీరిపోతా ఉండాది. బడికి సెలవని కూడా సెలవు అయిపోయినాకనే తెలస్తా ఉండాది. మా బడి పేరు రవంత ముందుకు ఎయ్యండి సార్” అన్నాడు.

“నువ్వు ముందు ముట్టుకుంటే తక్కినోళ్లు ముట్టుకోరు గదప్పా. వాళ్లతో యాడ పెట్టుకునేది?” అన్నాను.

“పోనీ, నాకు ఒక తునక మీద ఏరేగా రాసి పంపండి సార్. కాగితం నేనే తెచ్చిస్తా.”

“అట్లాంటి రూలు లేదు మునెయ్యా.”

అలాంటి రూలు ఉందో లేదో నేను ఏ పుస్తకమూ తిప్పి చూడలేదు. రూలు లేదంటే అవతలి మనిషి వెళ్లిపోతాడు. గుమాస్తా ఉద్యోగంలో మొదటి నెలలోనే ఒంటబట్టే విద్య అది. మునెయ్య దండం పెట్టి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు, ఉగాది అయిన వారానికి మద్రాసు నుంచి ఒక సర్కులర్ వచ్చింది. ట్రెయినింగ్ లేని హరిజన అయివార్లకు ఈ ఒక్క ఏడాది వయసు పట్టింపు సడలించారు. ట్రెయినింగ్ స్కూల్లో వాళ్లకు సీట్లిస్తారు. ఏప్రిల్ ముప్పైలోగా అర్జీ మా ఆఫీసులో చేరాలి. వచ్చే బడి ఏడాది నుంచి ట్రెయినింగ్ లేక, ఈ సీటూ రానివాళ్లను కొలువులో ఉంచరు. మునెయ్యకు అప్పటికే ముప్పై దాటాయి. ఆ సీటు దొరికితే బడి, దొరక్కపోతే కూలి.

ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను. పాకాల రౌండులో తక్కిన ఎనిమిదిమందికీ ట్రెయినింగ్ ఉంది. దాంతో పనిబడేది ఒక్క మునెయ్యకే. ఇది తెలిసి కూడా కాగితం తిప్పి, వెనక ఎప్పటిలాగే తొమ్మిది పేర్లు రాశాను, మునెయ్య బడి పేరు అన్నిటికన్నా కింద. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ పూజారికైనా ఏదో ఆశ ఉంటుంది, నాకు అదీ లేదు. బద్ధకం, అంతే.

కాగితం ఊరేగింపు మొదలుపెట్టింది. మొదటి ముగ్గురూ మూడేసి రోజులు పెట్టుకున్నారు. నాలుగో ఆయన చింతపండు కొట్టించే పనిలో పడి పదిరోజులు మరిచాడు. ఆరో ఆయన మనవడికి పుట్టెంట్రుకలు తీయించాలని, అంగీ జేబులో సర్కులర్‌తో సహా అలిపిరి మెట్లెక్కి కొండకు పోయాడు. అది కూడా వెంకన్న దర్శనం చేసుకుని దిగొచ్చింది. ఎనిమిదో ఆయన బడి మాలపల్లె పక్క ఊళ్లోదే. తనకు సంబంధించిన సంగతి కాదని చూడగానే తెలిసింది, ఎవరికి సంబంధించిందో కూడా తెలిసింది. అయినా ఆ పల్లె వైపు పోయే మనిషి దొరకలేదని వారంరోజులు గూట్లో పెట్టాడు. కాగితం మునెయ్యకు చేరేసరికి మే పదకొండు.

మరునాడు పొద్దున రైలుకే అతను చిత్తూరొచ్చాడు. అర్జీ రాసుకొచ్చాడు. సర్కులర్ కూడా వెంట తెచ్చాడు.

“నిన్న సాయంత్రం చేరింది సార్ ఇది. రాత్రికే అర్జీ రాసినాను. ఎట్లైనా తీసుకోండి సార్” అన్నాడు.

“గడువు దాటిపోయింది గదప్పా.”

“గడువు దాటినాకనే గదా సార్ నాకు తెలిసింది. వచ్చే ఏడు వయసు చెల్లదు. నేను పోతే ఆ కొట్టంలోకి ఇంకొక అయివారు ఎవురూ రారు. పిలకాయలు మళ్లా పసరాలు మేపేదానికి పోతారు. నా కోసరమే అయితే ఇంతగా అడుక్కోను సార్.”

చూస్తామన్నాను. అతను బల్ల మీద పెట్టిన అర్జీనీ, సర్కులర్‌నూ తీసుకుని ఇన్‌స్పెక్టర్ గారి ముందు పెట్టాను. ఆయన కఠినుడు, లంచగొండి మాత్రం కాదు. సర్కులర్ వెనక తేదీలన్నీ వేలితో గీస్తూ చూశారు.

“పాకాల పక్కనే గదయ్యా ఈ బడి? ఆఖర్న ఎందుకు ఉండాది?” అని అడిగారు.

నాకు దొరికిన సందు అదొక్కటే. ఆలస్యం మునెయ్యది కాదు, ఆఫీసుదని పైవాళ్లకు రెండు ముక్కలు రాస్తే ఆ అర్జీ నిలబడేదేమో. కానీ అలా రాయాలంటే వరస ఎందుకలా ఉందో చెప్పాలి. నాలుగేళ్లుగా దాన్ని రాస్తున్నది ఎవరో కూడా చెప్పాలి.

“పాత వాడుక సార్. నాకు ముందున్న గుమాస్తా వేసిన వరస” అన్నాను.

ఆయనకు అర్థం కాలేదనుకోను. కాగితాలు నా వైపు తోసి, “సరి, ఆలస్యానికి సంజాయిషీ అడుగు” అన్నారు.

ఎవరిని అని నేను అడగలేదు. ఆలస్యం చేసినవాళ్లు ఎనిమిదిమంది, చేయించినవాణ్ని నేను. సంజాయిషీ మునెయ్యను అడిగాం. నిండు ఠావు మీద, మూడు ప్రతులు. కబురు చెప్పడానికి తునక కాగితం లేని ఆఫీసుకు, తప్పు మోపడానికి మాత్రం కాగితాలు దొరికాయి. ఆ మెమో వేరేగా, నేరుగా, టపాలో పంపాం. రెండోరోజుకే చేరింది.

జవాబు వారం లోపలే వచ్చింది. ఒక్క మాట కూడా పరుషంగా లేదు. తొమ్మిది బళ్ల పేర్లూ, ఒక్కొక్కరికి కాగితం చేరిన తేదీ, అచ్చు వేసినట్టు రాశాడు. కింద ఒక్క వాక్యం: “నాకు చేరిన మరునాడే హాజరైతిని. అంతకన్న ముందు ఏ విధముగా హాజరు కావలెనో తెలియజేయ ప్రార్థన.”

“సంజాయిషీ తృప్తికరముగా లేదు” అని నేను రాశాను, ఇన్‌స్పెక్టర్ గారు సంతకం చేశారు.

జూన్‌లో మునెయ్య కొలువు పోయింది. ట్రెయినింగ్ ఉన్న ఇద్దరిని ఆ బడికి వేస్తే ఇద్దరూ పలుకుబడి వాడి తప్పించుకున్నారు. అయివారు లేని బడికి గుర్తింపు ఉండదు కనక దాన్ని జాబితా నుంచి తీసేశాం. ఎర్ర సిరాతో కొట్టేసింది నేనే.

తరవాతి నెలలో మునెయ్య బడి సామాను అప్పగించడానికి వచ్చాడు. హాజరుపట్టీలు, ఒక గోడపటం, సర్కులర్ పుస్తకం. పుస్తకం తిప్పి చూశాను. తన కొలువు తీసిన ఆ సర్కులర్‌ను కూడా తప్పు లేకుండా, గుండ్రటి అక్షరాలతో ఎక్కించుకున్నాడు.

“యాడికి పోతా ఉండావు మునెయ్యా?” అని అడిగాను.

“కోలారు గనుల్లో మా బావమరిది ఉండాడు సార్. మన్ను తవ్వేదానికి ట్రెయినింగ్ అడగరంట.”

“నా చేతుల్లో ఏమీ లేకపోయింది, మనసులో పెట్టుకోవద్దు.”

మునెయ్య నా మొహంలోకి చూశాడు. అంతకుముందు ఎప్పుడూ అలా చూడలేదు.

“మీ చేతుల్లోనే ఉండింది సార్. తొమ్మిది దినాల్లో తిరగాల్సిన కాగితం. మీకూ తెలుసు, నాకూ తెలుసు. సామాను అందినట్టు చీటీ రాసియ్యండి, నేను రైలుకు పోవాల” అన్నాడు.

చీటీ రాశాను. అతను చెయ్యి చాపాడు. ఇన్నేళ్లలో నా ముందు అతను చెయ్యి చాపడం అదే మొదలు. నేను ఆ చేతిని చూశాను. చూస్తూనే చీటీని బల్ల అంచున పెట్టి, వేలితో అతని వైపు జరిపాను. కావాలని చేసింది కాదు, వేళ్లు వాటంతట అవే చేశాయి. చాపిన చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి, తరవాత కిందికి దిగి చీటీ తీసుకుంది. మునెయ్య దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి, మడిచి జేబులో పెట్టుకుని, దండం పెట్టకుండా వెళ్లిపోయాడు.

తరవాత ఇరవై ఏళ్లకు పైగా అదే శాఖలో పనిచేశాను. కొత్తగా చేరిన గుమాస్తాలకు సర్కులర్లు పంపే పని నేర్పించింది నేనే. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల పేరు ముందు రాయమని ప్రతి ఒక్కరికీ చెప్పాను. ఎందుకని అడిగినవాళ్లకు యుద్ధకాలం నాటి కాగితాల కరువు గురించీ, కాగితం ముట్టని ఎనిమిదిమంది అయివార్ల గురించీ చెప్పేవాణ్ని. ముట్టనివాళ్లలో తొమ్మిదోవాణ్ని నేనని ఎవరికీ చెప్పలేదు.