మామీర్ ఇల్లు, మావయ్య తీర్పు

మావయ్య పోయాడన్న కబురు బహ్రెయిన్‌లో మా బిల్డింగ్ కింద ఉన్న కోల్డ్ స్టోర్‌కి ఫోన్‌లో వచ్చింది. పాలు, బ్రెడ్డు అమ్మే ఆ కొట్టతను పైకొచ్చి తలుపు కొట్టి, "భాయ్, ఘర్ సే ఫోన్" అన్నాడు. కాకినాడ నుంచి మా అత్తయ్య. "మీ మావయ్య తెల్లారగట్ట వెళ్లిపోయాడురా" అని ఒక్క మాట చెప్పి ఏడుపులో పడిపోయింది. నాకు టికెట్ దొరికి ఊరు చేరేసరికి దహనం కూడా అయిపోయింది. పెద్దకర్మకి మాత్రం ఉన్నాను. ఆయన గురించి రాయాలని అప్పట్నుంచీ అనుకుంటున్నాను. ఆయన సంగతి రాయాలంటే నా సంగతీ రాయాలి. అందుకే ఇన్నాళ్లూ చెయ్యాడలేదు.

ఆయన మా అమ్మకి అన్న. మీనా సల్మాన్ రేవులో ఒక గోదాముకి స్టోర్‌కీపర్‌గా చేసి, పోవడానికి ఏడాది ముందే ఊరు చేరాడు. నన్ను బహ్రెయిన్ తీసుకొచ్చింది ఆయనే. తొంభైల మొదట్లో నేను పనిచేసే వర్క్‌షాప్ మూతపడింది. ఏం చెయ్యాలో తోచక ఇళ్లు అద్దెకి చూపించే పనిలో దిగాను. మాలాంటి బ్రోకర్లకి ఆఫీసుల్లేవు, కాగితాల్లేవు. సాయంత్రం మనామాలో ఒక టీ హోటల్లో చేరి ఖాళీ ఇళ్ల కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఇల్లు కుదిరితే యజమాని కమీషన్ ఇచ్చేవాడు. ఒకే ఇంటిని ఇద్దరు చూపిస్తే మాత్రం రభస. యజమాని "మీలో మీరు తేల్చుకోండి, ఖలాస్" అని తలుపేసుకునేవాడు.

అలాంటి తగాదాలన్నీ శుక్రవారం పొద్దున మావయ్య దగ్గరికి చేరేవి. ఆయన బ్రోకర్ కాదు, ఎవరి పైసా ముట్టడు, తాగిన టీకి కూడా తనే డబ్బులిస్తాడు. మలయాళీలు, పాకిస్తానీలు, మనవాళ్లు, అందరూ ఆయన మాటకి కట్టుబడేవారు. లోపలికి తీసుకెళ్లి ముందు ఎవరు చూపించారో వాళ్లదే కమీషన్. బయటినుంచి చూపిస్తే లెక్కలోకి రాదు. "తలుపు చూపించడానికి నువ్వెందుకురా, అది వీధిలోకే ఉంటుంది" అనేవాడు. ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి, లోపల ఏం చూశావని అడిగేవాడు. వంటగది కిటికీ ఎటు తెరుచుకుంటుంది, ఏ గది గోడ చెమ్మగిల్లింది, ఇలా. అబద్ధమాడేవాడు మూడో ప్రశ్నకి దొరికిపోయేవాడు.

నాకు ఇల్లు చూడటం నేర్పింది కూడా ఆయనే. ఖాళీ ఇల్లయినా సరే గుమ్మం బయట చెప్పులు విడిచేవాడు. నేరుగా వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి, కాసేపు పోనిచ్చి, దోసిట్లో పట్టి నాలుక మీద వేసుకునేవాడు. "ఉప్పగా ఉంటే ముందే చెప్పెయ్యాలిరా. రేపు ఆ నీళ్లతో అన్నం వండుకునేది మనం కాదు" అనేవాడు. నేను వెనకనుంచి నవ్వుకునేవాణ్ని. ఆ రుచి ఎన్నడూ చూడలేదు.

మామీర్ అనే శివారు ఊళ్లో ఒక పాత ఇల్లు కూలీల బస కోసం ఒక కాంట్రాక్టు కంపెనీకి కావలసి వచ్చింది. కంపెనీ మనిషిని మంగళవారం నేను తీసుకెళ్లాను. వాచ్‌మన్ లేడు, తాళం. గోడ మీదినుంచి చూపించి వచ్చేశాను. బుధవారం లింగన్న అనే ఇంకో బ్రోకర్ అతన్ని లోపలికి తీసుకెళ్లి ఇల్లంతా చూపించాడు. లింగన్నది కరీంనగర్ వైపు. కమీషన్ దగ్గరికి వచ్చేసరికి నేను అడ్డం తిరిగాను. మంగళవారమే లోపలికి వెళ్లామని చెప్పాను. కాదనడానికి కంపెనీ మనిషి అప్పటికే సెలవు మీద కేరళ వెళ్లిపోయాడు. కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమానికి, ఆ నెల డబ్బు కట్టకపోతే లింగన్న వీసా రెన్యూ కాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

గురువారం వాచ్‌మన్‌కి సిగరెట్ పెట్టె ఇచ్చి లోపలి వివరాలన్నీ అడిగి తెలుసుకున్నాను. శుక్రవారం మావయ్య అడిగినవన్నీ గడగడా చెప్పాను. ఆఖరున ఆయన అడక్కుండానే, "వంటగది కుళాయి నీళ్లు ఉప్పగా ఉన్నాయి మావయ్యా" అన్నాను. ఆ మాట వాచ్‌మన్ చెప్పలేదు. నేనే కల్పించాను.

మావయ్య ముఖం వెలిగిపోయింది. "రుచి చూశావా?"

"చూశాను."

లింగన్నని పిలిచి అదే అడిగాడు. అతను తెల్లబోయాడు.

"నల్లా తిప్పి సూడలే సారూ. అబద్దమెందుకాడాలె? గాని లోపటికి తీస్కపోయింది నేనే. ఈయన గోడ అవుతలికెల్లి సూపిచ్చిండు, గంతే."

తీర్పు నాకొచ్చింది. వీసా కాక లింగన్న నెల తిరక్కుండా ఊరికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకి కాకినాడ కుర్రాళ్లెవరో ఆ ఇంట్లో ఉంటున్నారని మావయ్య చూడబోయాడు. అటునుంచి నేరుగా నా గదికి వచ్చాడు. నేనిచ్చిన టీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాక, "ఆ ఇంటికి నీళ్ల కనెక్షనే లేదటరా. కంపెనీ వాళ్లు దిగాకే ఇచ్చారట" అన్నాడు. నేను నేల చూశాను. ఆయన లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. తిడితే బాగుండునని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

ఆ శుక్రవారం బ్రోకర్లు వస్తే, "నా వల్ల కాదు, ఇంకెవర్నైనా చూసుకోండి" అన్నాడు. మేనల్లుడికి కొమ్ముకాశాడని హోటల్లో గుసగుసలాడారు. అది ఆయన చెవినా పడింది. నా పేరు ఎక్కడా బయటపెట్టలేదు. నాతో మాటలు మానలేదు, పండక్కి నాకు చొక్కా కొనడం మానలేదు. నాకు ఇళ్లు చూపించడం మీద మనసు విరిగి మళ్లీ వర్క్‌షాప్‌లో చేరాను. ఒక్కసారి నోరు తెరిచి, తప్పయిపోయింది మావయ్యా అనడానికి మాత్రం ఇన్నేళ్లూ నాకు నోరు రాలేదు. ఇక ఎవరికి చెప్పుకోను?

పెద్దకర్మనాడు భోజనాల దగ్గర లింగన్న కనిపించాడు. జుట్టు నెరిసింది. కరీంనగర్ నుంచి రాత్రంతా బస్సులో వచ్చాడట. తప్పించుకుందామనుకున్నాను గానీ, తనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మీ మామ మా ఇంటికొచ్చిండు, ఎరుకేనా?" అన్నాడు.

నాకు తెలియదు.

"రెండేండ్లయితుంది. సెలవు మీదొచ్చి అడ్రస్ వట్టుకొని మా ఊరు దాంక వొచ్చిండు. తీర్పు తప్పు జెప్పిన లింగన్నా, తప్పు నాదే అన్నడు. ఎవ్వల పేరు దియ్యలే. మా అమ్మ గడపల కూసోని బియ్యం ఏరుతుండె. నీ కొడుకు అన్నం చెడగొట్టిన తల్లీ అని ఆమె కాళ్లకు వంగవోయిండు. గంత పెద్ద మనిషి! నేనే ఉర్కొచ్చి రెక్క వట్టుకున్న."

ఆ వేళ లింగన్నకి నిజం చెప్పాను, ఉప్పునీళ్ల మాట నేనే కల్పించానని, తీర్పునాడు మావయ్యకి అది తెలియదని. అతను నా విస్తరి వైపు చూసి, "తిను తమ్మీ" అన్నాడు.

మావయ్యని తలుచుకుంటే నాకు బహ్రెయిన్ ఇప్పుడు గుర్తు రావడం లేదు. నేనెప్పుడూ చూడని ఒక గడప, బియ్యం చేట ముందు పెట్టుకున్న ఒక ముసలావిడ, ఇస్త్రీ చొక్కాలో ఆమె కాళ్ల దగ్గరికి వంగుతున్న మా మావయ్య. వంగాల్సింది నేను.